బాబాయి బండికి పికప్ పోయింది

కువైట్ నుంచి విజయవాడకు సెలవు మీద వచ్చినవాడికి మొదటిరోజు పెట్టె విప్పిస్తారు, రెండోరోజు పని చెబుతారు. ఈసారి నా రెండోరోజు పని బాబాయి కారు.

"సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కడానికి ఏడుస్తోందిరా. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. పెట్రోలు మాత్రం తెగ తాగుతోంది" అన్నాడు.

తాళం తిప్పి చూశాను. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. ఎన్నాళ్లయింది అని అడిగితే, "దసరా ముందు నుంచే. అయినా బండి నడుస్తోందిగా!" అన్నాడు. అప్పటికి సంక్రాంతి దగ్గర పడింది.

ఆ లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతోందని అర్థం. ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. షువైఖ్‌లో నా జీతంలోంచి కట్ చేసి నేర్పారు.

షువైఖ్ అంటే కువైట్ సిటీ పక్కనుండే పారిశ్రామిక ప్రాంతం. వీధుల నిండా గ్యారేజీలు, స్పేర్ పార్టుల కొట్లు. దిగిన మొదటివారం మన ఆటోనగర్‌లో ఉన్నట్టే అనిపించింది. అదే సుత్తి చప్పుడు, అదే గ్రీజు వాసన. కాకపోతే తిట్లు ఐదు భాషల్లో వినపడతాయి. ఎండాకాలం 50 డిగ్రీలు. బయట పెట్టిన పానా గుడ్డ లేకుండా పట్టుకోలేం. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది. మా షెడ్డుకు పైన రేకు ఉంది కాబట్టి అది ఎండలో పని కిందికి రాదని మా ఓనరు లెక్క.

నేను చేరిన రెండో ఏడు ఒక ఎనిమిది సిలిండర్ల అమెరికన్ బండి వచ్చింది. స్కానర్ పెడితే పి0430 కోడ్. రెండో వైపు సిలిండర్ల కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువుల్ని శుద్ధి చేసే డబ్బా, సరిగా పనిచేయట్లేదని దాని అర్థం. కోడ్ చెప్పిందిగా, ఇంకేం కావాలి? పార్టుకు చీటీ రాసి మార్చేశాను. అంత ఖరీదైన సామాను నా చేత్తో బిగించానని ఆ రాత్రి రూములో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నలభై రోజులకు అదే బండి, అదే కోడ్ వేసుకుని తిరిగొచ్చింది. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్ కాలి కన్వర్టర్ లోపలి పూత మీద పేరుకుంటే అది ఇక పనిచేయదు. పాతదాన్ని చంపిందే కొత్తదాన్నీ చంపింది.

ఫోర్‌మన్ పాలక్కాడ్ వైపు మలయాళీ. అరవలేదు. నా జాబ్ కార్డు తీసి, 'కారణం' అని ఉన్న ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించాడు, అంతే. ఆ కన్వర్టర్ ఖరీదు నాలుగు నెలల జీతంలోంచి విరగ్గోశారు. ఆ నాలుగు నెలలూ ఓవర్‌టైమ్ ఉండట్లేదని అమ్మకు అబద్ధం చెప్పాను.

సరే, బాబాయి బండి. పటమట దాటి ఆటోనగర్‌లో మా మేస్త్రి షెడ్డుకు తోలుకెళ్లాను. నేను పానా పట్టుకోవడం నేర్చింది ఆయన దగ్గరే. స్కానర్‌లో రెండు కోడ్‌లు కనిపించాయి. పి0303, అంటే మూడో సిలిండర్ మిస్సింగ్. పి0420, అంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గింది.

మేస్త్రి ఒక చూపు చూసి, "కన్వర్టర్ కోసి లోపలిది పొడిచి పారేసి మళ్లీ వెల్డింగ్ పెట్టిద్దాంరా. వెయ్యి రూపాయల్లో తేలిపోతుంది, పికప్ కూడా వస్తుంది" అన్నాడు.

పికప్ వస్తుందన్నది నిజమే. కానీ కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. వెనక సెన్సర్ ఊరుకోదు, ఆ లైటు ఇక ఆరదు. పైగా బీఎస్-4 పెట్రోలు బండికి పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. కన్వర్టర్ లేని బండి ఆ పరీక్షలో నిజాయితీగా నెగ్గడం కష్టం. నిజాయితీగా అన్నమాట కావాలనే అన్నాను.

"మన పాత అంబాసిడర్‌కు ఇవన్నీ ఎక్కడున్నాయిరా?" అని బాబాయి. లేవు. మన దేశంలో 1995లో మొదట నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు ఇది తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు పోస్తే కన్వర్టర్ చచ్చిపోతుంది. ఆ పెట్రోలు దేశమంతా ఆగింది 2000లో.

కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని సన్నటి కంతల గోడలకు ప్లాటినం, పలేడియం, రోడియం పూత. విషవాయువులు ఆ కంతల్లోంచి పోతూ కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా, నత్రజనిగా మారతాయి. అది పనిచేయాలంటే బాగా వేడెక్కాలి. కానీ కాలని పెట్రోలు వచ్చి దానిలోనే మండితే వేడి వెయ్యి డిగ్రీలు దాటి దిమ్మె కరిగిపోతుంది. కంతలు మూసుకుంటాయి. పొగ బయటికి పోకపోతే ఇంజిన్‌కు ఊపిరాడదు. బాబాయి చెప్పిన "వెనక నుంచి లాగడం" ఇదే.

అందుకే ముందు కన్వర్టర్ జోలికి పోకుండా మిస్సింగ్ పట్టుకున్నాను. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ సిలిండర్‌కొకటి ఉంటుంది. మూడో కాయిల్‌ను రెండోదానిలో, రెండోదాన్ని మూడోదానిలో పెట్టి నడిపాను. కాయిల్ చెడిపోతే మిస్సింగ్ దానితో పాటు రెండో సిలిండర్‌కు రావాలి. రాలేదు, మూడోదానిలోనే ఉంది. ప్లగ్గు బాగుంది, కంప్రెషన్ బాగుంది. కాయిల్‌కు తగిలించే కనెక్టర్ విప్పి టార్చి వేస్తే పిన్నుల చుట్టూ పచ్చగా చిలుం.

"బండి నీళ్లలో మునిగిందా బాబాయ్?"

"బుడమేరు వాగు పొంగినప్పుడు బానెట్ దాకా. నీకు ఫొటో పంపాను కదరా."

పంపాడు. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ మునిగితే, నేను షువైఖ్‌లో ఫోన్ పట్టుకుని ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారా అని వెతుక్కుంటున్నాను. కారు సంగతి ఎవడు చూశాడు? నీళ్లు తీశాక ఆయిల్ మార్చారు, సీట్లు ఎండబెట్టారు, స్టార్టయింది, అంతా సంతోషించారు. కనెక్టర్లు ఎవరూ విప్పలేదు. ఆ తడి అక్కడ కూర్చుని ఏడాదికి పైగా రాగిని తినేసింది.

కొత్త కనెక్టర్ వేశాక మిస్సింగ్ ఆగింది. పికప్ రాలేదు. ఇప్పుడు కన్వర్టర్ వంతు. స్కానర్‌లో ముందు సెన్సర్ గీత 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతోంది, అది మామూలే. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సర్ గీత 0.6, 0.7 దగ్గర దాదాపు కదలకుండా ఉండాలి. ఇక్కడ వెనకది కూడా ముందుదానితో పాటు గంతులేస్తోంది. ఎక్కడైనా సైలెన్సర్ జాయింటు లీకైనా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి అదీ చూశాం, లీకు లేదు. ముందు సెన్సర్ విప్పి ఆ కంతలో ప్రెషర్ గేజ్ బిగించాను. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 3 పీఎస్‌ఐ లోపు ఉండాలి. ముల్లు 8 దాటింది. రబ్బరు సుత్తితో తడితే లోపల గలగల.

మేస్త్రి గేజ్ వైపు చూసి, "అరబ్బోళ్లు బానే నేర్పారే" అన్నాడు. మలయాళీ నేర్పాడని చెప్పలేదు.

విప్పడానికి పూట పట్టింది. తుప్పు పట్టిన స్టడ్డు ఒకటి విరిగింది, దాన్ని తీయడానికే రెండు గంటలు. కొత్తది బిగించేటప్పుడు బాణం గుర్తు పొగ వెళ్లే వైపు ఉందో లేదో చూశాను. ప్యాకింగ్‌లు పాతవి వాడనివ్వలేదు. షెడ్డు కుర్రాడు ప్రేమగా సిలికాన్ గమ్ పూయబోతే చేయి పట్టుకుని ఆపాను. దాని ఆవిరికి సెన్సర్ పాడవుతుంది. కోడ్‌లు చెరిపేసి తాళాలు చేతిలో పెట్టడం సులువే. చెరిపిన గంటలో ఏ బండికైనా లైటు ఉండదు. అందుకని బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా, మంగళగిరి దాకా మూడు రోజులు తిప్పాను. బండి తనంతట తాను చేసుకునే కన్వర్టర్ పరీక్ష పూర్తయినట్టు స్కానర్‌లో చూశాకే ఒప్పుకున్నాను.

ఈలోగా పాత ఇనుము కుర్రాడొకడు పాత కన్వర్టర్‌కు ఐదొందలిస్తానన్నాడు. లోపల ప్లాటినం కరిగి పోయిందట! దిమ్మె కరిగినా లోహం ఎక్కడికీ పోదు. అతనికీ మేస్త్రికీ టీ చల్లారేదాకా బేరం నడిచింది.

మేస్త్రి బిల్లు పుస్తకంలో రెండే గళ్లు: సామాను, కూలి. అడుగున ఖాళీలో నేను రాశాను: 'కారణం - మూడో కాయిల్ కనెక్టర్‌కు చిలుం.'

బాబాయి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "అంటే ఇదంతా బుడమేరు చేసిన పనా?"

"సగం బుడమేరు, సగం నువ్వు బాబాయ్. లైటు వెలిగిన వారంలో చూపించి ఉంటే కనెక్టర్‌తో పోయేది."

బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, "మళ్లీ ఎప్పుడురా ప్రయాణం?" అన్నాడు.