నడుము దగ్గర నల్లటి పొక్కు

ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల దొరికే కర్రతో చెంచాలు, గరిటెలు, దువ్వెనలు చెక్కే కుటుంబం మాది. కొండ నుంచి కర్ర తెచ్చేది ఎక్కువగా మగవాళ్లే. పొయ్యిలోకి పుల్లల కోసం, మేకల మేత కోసం తుప్పల్లోకి వెళ్లేది మాత్రం ఆడవాళ్లమే. ఈశాన్య రుతుపవనాల వానలు పడి, పొదలు మోకాలెత్తు పెరిగిన కార్తీకంలో నాకు స్క్రబ్ టైఫస్ అనే, తుప్పల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం సోకింది. ఆ పేరు అప్పటికి మా వీధిలో ఎవరూ విని ఉండలేదు.

మొదట చలితో కూడిన జ్వరం, కళ్ల వెనుక నుంచి పొడుచుకొచ్చే తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు. మా దగ్గర జ్వరం వస్తే మొదట చూసేది ఆర్.ఎం.పి. డాక్టరే. ఆయన వరసకు నాకు మామ అవుతాడు, పిలిస్తే అర్ధరాత్రి అయినా వస్తాడు, డబ్బు పంట మీద ఇచ్చినా తీసుకుంటాడు. అందువల్ల ఆయనను తప్పుపట్టడం పట్నం వాళ్లకు ఉన్నంత తేలిక మాకు కాదు. ఆయన వైడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు, సెలైన్ ఎక్కించి, పూటకొక యాంటీబయాటిక్ సూది వేశాడు. జ్వరం తగ్గలేదు. ఆ పరీక్ష పాత జ్వరాల వల్ల కూడా పాజిటివ్ చూపించవచ్చునని, దాని ఒక్కదాన్నే నమ్మి టైఫాయిడ్ అని తేల్చకూడదని నాకు తరువాత తెలిసింది. పైగా స్క్రబ్ టైఫస్ కలిగించే ఓరియెన్షియా సుట్సుగముషి అనే బాక్టీరియా మన శరీర కణాల లోపల చేరి పెరుగుతుంది కనుక, సెఫ్ట్రియాక్సోన్ వంటి సూది మందులు ఎన్ని వేసినా దానికి తగలవు.

అక్కడి నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము. ప్లేట్‌లెట్లు పడిపోయాయి కనుక డెంగీ అయి ఉంటుందన్నారు. ఇంట్లో మా అత్తమ్మ బొప్పాయి ఆకు రసం తాగించింది. డెంగీలోనూ, నాకు వచ్చిన స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయని, రెండూ వానల కాలంలోనే వస్తాయని, వాటిని విడదీసి చూడకపోతే మందు తప్పిపోతుందని అక్కడ ఎవరూ అనలేదు. పరీక్షలకు, మంచానికి అయిన ఖర్చు కోసం చెవి కమ్మలు తాకట్టులోకి వెళ్లాయి. పొడి దగ్గు మొదలై, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం రావడంతో, మా ఆయన 108కి ఫోను చేశాడు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు, సంగం దాటి పెద్దాసుపత్రి చేరేసరికి నాకు ఆక్సిజన్ పెట్టాల్సిన స్థితి వచ్చింది.

అక్కడ ఒక హౌస్ సర్జన్ అమ్మాయి నా మంచం చుట్టూ తెర లాగి, మగవాళ్లను బయటికి పంపి, "ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు ఉందా అమ్మా?" అని అడిగింది. ఉంది. లంగా బొందు కట్టుకునే చోట, నడుముకు ఎడమ పక్కన, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా మాడిన చిన్న పుండు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. బొందు ఒరిపిడికి అయిన పుండే అనుకున్నాను. మా వీధిలో ఏ ఆడమనిషి నడుము చూసినా అలాంటి మచ్చలు ఉంటాయి. నిజానికి నా పొక్కు మైట్ అనే పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) పిల్ల దశలో, కంటికి ఆనీ ఆననంత చిన్నదిగా ఉన్నప్పుడు కుట్టిన గుర్తు. తుప్పల్లో, ఎలుకలు తిరిగే చోట్ల ఉండే ఆ పురుగు, దుస్తులు బిగుతుగా ఉండే చోటనో, ఒంటి మడతల్లోనో కుడుతుంది. ఆడవాళ్లకు రొమ్ముల కింద, పొట్ట మీద, నడుము దగ్గర. మగవాళ్లకు చంకల్లో, గజ్జల్లో ఈ పొక్కు తరచుగా కనిపిస్తుంది. కుట్టిన తరువాత జ్వరం రావడానికి వారం, పది రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది కనుక పుల్లలకు వెళ్లిన సంగతి మనకు గుర్తుకే రాదు.

నేను ఇక్కడ ఆగి చెప్పదలచినది ఒకటి ఉంది. ఆసుపత్రి దూరం గురించి అందరూ మాట్లాడుతారు, అది నిజమే. కానీ వరసకు మామ అయిన మనిషి ముందు నేను చీర పక్కకు తీసి నడుము చూపించలేను, చూపించమని ఆయనా అడగలేడు. ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను చూసిన గదిలో తెర లేదు, పక్కన మరో రోగి, వాకిట్లో అతని బంధువులు ఉన్నారు. పొక్కు అందరికీ కనిపించదు, పొక్కు లేనంత మాత్రాన ఈ జబ్బు కాదనడానికి వీల్లేదు. అయినా నా విషయంలో అది ఉండి కూడా, చూసే చోటు లేక దాగిపోయింది.

రక్తం ఎలీసా పరీక్షకు పంపించి, ఫలితం కోసం ఆగకుండా వెంటనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఊపిరితిత్తులకు పాకింది కనుక దానికి అజిత్రోమైసిన్ కూడా కలిపి, రెండూ నరం ద్వారా ఎక్కించారు. జబ్బు ముదిరినవాళ్లకు ఒక్కో మందు కన్నా ఈ రెండూ కలిపి ఇస్తే మేలని వెల్లూరు సీఎంసీ వైద్యులు ముందుండి నడిపిన పరిశోధన 2023లో వెలువడిందట. రెండు రోజులు తిరిగేలోపు జ్వరం జారిపోయింది. ముదరకముందే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ పూటకొక 100 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున రోజుకు రెండు, సాధారణంగా వారం పాటు వేసుకుంటే సరిపోతుంది. గర్భిణులకు డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్ ఇస్తారు. కొద్ది రూపాయలకు దొరికే డాక్సీసైక్లిన్ మాత్ర మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బీరువాలోనూ ఉంది.

ఇంటికి వచ్చాక కూడా చాలాకాలం ఉలి పట్టుకుంటే చెయ్యి వణికేది, జుట్టు ఊడింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అత్తమ్మ నాకు కంచం, చెంబు వేరుగా పెట్టింది. ఇది మనిషి నుంచి మనిషికి అంటదని ఏ.ఎన్.ఎమ్. వచ్చి కూర్చుని చెప్పాకే ఒప్పుకుంది. ఆ రోజే ఏ.ఎన్.ఎమ్. మా వీధిలో జ్వరం ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంది, కర్ర చెక్కే ఆడవాళ్లను ఒక గదిలోకి పిలిచి తలుపు వేసి ఒక్కొక్కరినీ చూసింది. ఇద్దరిని మాత్రల కోసం ఆరోగ్య కేంద్రానికి పంపింది. వాళ్లెవరూ నెల్లూరు దాకా వెళ్లవలసిన పని పడలేదు.

మా పనిచోట ఇప్పుడు పుల్లలకు వెళ్లి వచ్చినవాళ్లు ముందు స్నానం చేసి, కట్టుకున్న బట్టలు వేడినీళ్లలో వేస్తున్నారు. ఆరోగ్య కేంద్రానికి వారంలో ఒక్క రోజైనా మహిళా డాక్టరు రావాలనీ, పరీక్ష చేసే గదికి తలుపో తెరో ఉండాలనీ మేము కొందరం కలిసి సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాము. తెర వచ్చింది, డాక్టరు ఇంకా రాలేదు.