641 దగ్గర పగిలిన సంఖ్య

429,49,67,297. అంటే 2³²కి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య. నేను అంబాజీపేటలో లెక్కల ట్యూషన్ చెబుతాను. పదో తరగతి పిల్లలకి ఏటా ఏదో ఒక సాయంత్రం సిలబస్ పక్కన పెట్టి దీన్ని బోర్డు మీద రాస్తాను.

3, 5, 17, 257, 65537. రెండుని 1, 2, 4, 8, 16 ఘాతాలకి పెంచి ఒకటి కలిపితే వచ్చేవి ఇవి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరస ఎంత దూరం వెళ్లినా ఇలాగే ఉంటుందని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు ఆ తర్వాతి సంఖ్యనే, అంటే నేను బోర్డు మీద రాసే 2³² + 1నే, 641తో భాగించి చూపించాడు.

"కాలిక్యులేటర్‌లో కొడితే తెలిసిపోద్ది కదండీ మాస్టారూ" అంటారు పిల్లలు. తెలుస్తుంది. కానీ ఎందుకు భాగిస్తుందో కాలిక్యులేటర్ చెప్పదు. నాకు కావలసింది ఆ ఎందుకే.

వీళ్లంతా కొబ్బరి దింపు అయ్యాక కాయలు రాశులు పోయడం చూస్తూ పెరిగినవాళ్లు. అందుకే అలాగే చెబుతాను. రాశికి 641 కాయలు పోయాలి, మన దగ్గర 640 ఉన్నాయి. ఒక కాయ తక్కువ. కాబట్టి శేషం −1 అనుకోవచ్చు. 640 అంటే 5 × 2⁷. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸. −1 నాలుగుసార్లు గుణించాం కాబట్టి శేషం 1. ఇప్పుడు 5⁴ చూడండి. అది 625, రాశికి 16 కాయలు తక్కువ, అంటే −2⁴. 5⁴ తీసేసి ఆ చోట −2⁴ పెడితే −2³² అవుతుంది, శేషం 1. అంటే 2³²కి శేషం −1. ఒకటి కలిపాం, సున్నా! పది అంకెల సంఖ్యని ఒక్కసారి కూడా భాగించలేదు. ఇక్కడికొచ్చేసరికి వెనక బెంచీ వాళ్లు కూడా పెన్ను తీస్తారు.

అసలు 641 ఎలా తట్టింది? ఈ సంఖ్యని భాగించే ఏ ప్రధాన సంఖ్యైనా 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువే ఉండాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే మనది. లూకా అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు 1878లో దీన్ని ఇంకా బిగించి, 64 కాదు, 128 అన్నాడు. అప్పుడు 641కి ముందు మిగిలేది 257 ఒక్కటే. భాగఫలం 67,00,417 కూడా ప్రధాన సంఖ్యే.

శేషాలతో ఆడుకోవడం తొమ్మిదో తరగతి నుంచే నేర్పాలని నా గట్టి అభిప్రాయం. దీనికి కూడిక, గుణకారం తప్ప ఇంకేం అక్కర్లేదు.

65537 తర్వాత ఈ వరసలో ఒక్క ప్రధాన సంఖ్య కూడా ఇంతవరకు దొరకలేదు. 2⁶⁴ + 1ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచ్ పెద్దాయన తన 82వ ఏట విడగొట్టాడు. ఆయనకి దొరికిన చిన్న భాజకం 2,74,177. మా పిల్లలకి ఇచ్చే ఇంటిపని అదే: దాన్లోంచి ఒకటి తీసి 256తో భాగించి చూడండి.