బిలిరుబిన్ కాదండీ, బైల్ యాసిడ్స్

33వ వారంలో అరికాళ్లు దురద పెట్టడం మొదలైంది. దద్దు లేదు, పొక్కు లేదు, ఎర్రదనం లేదు. పగలు పనిలో పడితే మరిచిపోయేంత. రాత్రి పదకొండు దాటాక మాత్రం మంచం అంచుకేసి పాదాలు రుద్దుకుంటూ కూర్చునేంత. మూడో రోజుకి అరిచేతులకూ ఎక్కింది. తొలికాన్పుకి నేను పుట్టింటికి పోలేదు, కడప నుంచి అమ్మే బెంగళూరు వచ్చింది. "బిడ్డకు తలకట్టు దండిగా ఉంటే అట్లనే దురద పెడ్తాదిలే" అని కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టింది.

నూనె తప్పేం కాదు. కాకపోతే ఈ దురద చర్మంలో పుట్టింది కాదు కాబట్టి నూనెకు లొంగదు. కడుపుతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ల వల్ల కొందరిలో కాలేయం నుంచి పైత్యరసం పేగుల్లోకి సాఫీగా జారదు. అందులోని ఆమ్లాలు, అంటే బైల్ యాసిడ్స్, రక్తంలో పేరుకుంటాయి. దీని పేరు కొలెస్టాసిస్. ఎక్కువగా ఏడో నెల దాటాకే బయటపడుతుంది. అమ్మకో అక్కకో వచ్చి ఉన్నా, కడుపులో కవలలున్నా అవకాశం ఎక్కువ.

మిగతా దురదల నుంచి దీన్ని విడదీయడం పెద్ద కష్టం కాదు. పొట్ట సాగినచోట మాత్రమే చిమచిమలాడుతుంటే అది మామూలే. పొట్టమీది చారల్లో ఎర్రటి దద్దుర్లు లేచి, బొడ్డు చుట్టూ మాత్రం వదిలేస్తే అది వేరే జబ్బు, ఇబ్బందే గానీ బిడ్డకు ప్రమాదం లేదు. వేళ్ల సందుల్లో పొక్కులొచ్చి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి అనుకోవచ్చు. చర్మంమీద మన గోళ్ల గీతలు తప్ప ఇంకేమీ లేకుండా, అరిచేతులూ అరికాళ్లూ రాత్రిపూట ముదిరితే రక్తపరీక్ష చేయించాల్సిందే. మూత్రం ముదురు రంగులోకి తిరగడం, విరేచనం పాలిపోవడం కూడా గమనించండి. ఇవి లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు, నాకు రెండూ లేవు.

శుక్రవారం మా డాక్టరమ్మ వినీ వినగానే చీటీ రాసింది: ఎల్‌ఎఫ్‌టీ, దాని కింద ఎస్.బి.ఏ. అని మూడక్షరాలు, అంటే సీరం బైల్ యాసిడ్స్. రాసి సెలవు మీద ఊరెళ్లింది. అసలు తిప్పలు ఇక్కడ మొదలు.

బిల్లింగ్ కౌంటర్ అబ్బాయి ఆ మూడక్షరాలను సీరం బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పదార్థం) అని కొట్టాడు. ఎల్‌ఎఫ్‌టీ అంటేనే కాలేయ పరీక్షల మూట, అందులో బిలిరుబిన్ ఎలాగూ ఉంటుంది. అంటే ఒకే పరీక్షకు రెండుసార్లు డబ్బు కట్టాను, చేయాల్సింది మాత్రం చేయలేదు. శనివారం రిపోర్టు వచ్చింది. బిలిరుబిన్ 0.6, కాలేయం నలిగితే పెరిగే ఎస్‌జీపీటీ 64, పక్కన ఎక్కువుందని హెచ్ అక్షరం. డ్యూటీ డాక్టరు పైన ఉన్న బిలిరుబిన్ చూసి ఆగిపోయాడు. "జాండిస్ లేదు. ఫస్ట్ ప్రెగ్నెన్సీనా?" అవునన్నాను. "అదీ సంగతి. నెట్‌లో చదవడం మానేయండి." పాదాలు చూపిస్తానంటే సరేనన్నాడు. ఎనిమిదో నెల పొట్టతో వంగి చెప్పులు విప్పాను. గోకి గోకి చీరుకుపోయిన మడమలు చూసి, వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా అన్నాడు: "మంచంలో నల్లులున్నాయేమో చూసుకోండి మేడం." ఎవరో మగాయన కిసుక్కున నవ్వాడు. ఆ చెప్పులు మళ్లీ తొడుక్కోవడానికి పట్టిన అర నిమిషం నేను మరిచిపోను.

ఆయనకు తెలియనిదీ మీకు తెలియాల్సినదీ ఒకటుంది. ఈ జబ్బులో చాలామందికి బిలిరుబిన్ పెరగదు, కళ్లు పచ్చబడవు. అది నార్మల్ అని చెప్పి ఇంటికి పంపడం, జ్వరం ఉందా అని బరువు తూచినట్టు. చూడాల్సింది బైల్ యాసిడ్స్, ఎస్‌జీపీటీ. అదే కాలేయ పరీక్షల్లో ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగిందని మాత్రం కంగారు పడొద్దు, అది మాయ (ప్లాసెంటా) నుంచి కూడా వస్తుంది కాబట్టి ఈ నెలల్లో ఎలాగూ ఎక్కువే ఉంటుంది.

బయటికొస్తుంటే బీపీ చూసే మలయాళీ నర్సు చెయ్యి పట్టి ఆపింది. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. "రాత్రి ఎక్కువా మోళే? బైల్ యాసిడ్ రిపోర్ట్ ఎవిడె?" అని, అది ఎక్కడని అడిగింది. చీటీ చూసి, బిల్లు చూసి, రెంటి మధ్యా గోరుతో గీత గీసి చూపించింది. బిల్లు పట్టుకుని మళ్లీ కౌంటర్‌కి పోతే ఆ అబ్బాయి "ఎరడూ ఒందే మేడం" అన్నాడు. కాదు బాబూ, రెండూ ఒకటి కావు. బిలిరుబిన్ పాత ఎర్రకణాలు చితికితే వచ్చే పసుపురంగు పదార్థం. బైల్ యాసిడ్స్ కొవ్వు అరగడానికి కాలేయం తయారుచేసేవి. ఇంతా విని, కొత్త చీటీ కావాలన్నాడు. కొత్త చీటీ రాయనన్నాడు నల్లుల డాక్టరు. ఆదివారం ల్యాబ్ సెలవు. సోమవారం పొద్దున్నే బయట ఇంకో ల్యాబ్‌లో సొంతంగా రక్తమిచ్చాను, చీటీ అడగనే లేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే బిల్లుమీద టోటల్ బైల్ యాసిడ్స్ అని పూర్తిగా అచ్చయిందో లేదో చదవండి. డాక్టరు పొట్టి అక్షరాల్లో రాస్తే విడదీసి రాయమని అక్కడే అడగండి. చిన్న ల్యాబుల్లో ఈ పరీక్ష చేయరు, శాంపిల్‌ని పెద్ద ల్యాబ్‌కి పంపుతారు. అందుకే ఈరోజు బండి ఎన్నింటికి వెళ్తుందో కనుక్కుని, దానికి ముందే ఇవ్వండి. లేకపోతే ఒక రోజు పోయినట్టే. పరగడుపునా, తిన్నాకా అని కూడా అడగండి. తిన్న తర్వాత ఈ ఆమ్లాలు కొంత పెరుగుతాయి. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2022 మార్గదర్శకం ప్రకారం పరగడుపు అక్కర్లేదు, లీటరుకి 19 మైక్రోమోల్ చేరినా, దాటినా జబ్బు కింద లెక్క. నా రిపోర్టులో మాత్రం పక్కన నార్మల్ అంటే 10 లోపు అని ఉంది. ఏ పద్ధతిలో ఇచ్చినా, తర్వాతిసారి కూడా అదే పద్ధతిలో, అదే ల్యాబ్‌లో ఇస్తేనే పోల్చడానికి వీలు.

నాది 27 వచ్చింది. ఒకవేళ నార్మల్ వచ్చి దురద తగ్గకపోతే వారానికి మళ్లీ చేయించాలి, ఎందుకంటే కొందరికి దురద ముందొచ్చి అంకె తర్వాత పెరుగుతుంది. దీనితోపాటు హెపటైటిస్ ఏ, ఇ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, మూత్రంలో ప్రొటీన్, కాలేయం స్కానింగ్ రాశారు. అనవసరమని విసుక్కోకండి. ఎస్‌జీపీటీ పెరగడానికి వేరే కారణాలుంటాయి, నెలలు నిండేటప్పుడు హెపటైటిస్ ఇ మామూలు కామెర్లలాంటిది కాదు. బీపీ 140/90 చేరినా, తల పగిలిపోతున్నా, చూపు మసకేసినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పట్టినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి.

మందు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, నాకు 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. దీనిమీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 605 మందిమీద చేసి 2019లో ప్రచురించిన పిచెస్ అనే పరీక్షలో దురద కాస్త తగ్గింది గానీ బిడ్డకు కలిగే చెడు తగ్గినట్టు తేలలేదు. రాత్రి నిద్రకి నాకు పనికొచ్చినవి చల్లటి నీళ్ల బకెట్లో పాదాలు పెట్టడం, మెంథాల్ కలిపిన క్రీము, పొట్టిగా కత్తిరించిన గోళ్లు. మా పెద్దమ్మ ఫోన్లో కామెర్ల పసరు తాగమంది. కాలేయం అలిసిపోయి ఉన్నప్పుడు ఏ ఆకు పసరూ గొంతులో పోసుకోవద్దు, ఎంత ఆప్తులు పంపినా సరే.

భయపడాల్సింది ఎంతవరకో అంకెల్లోనే తెలుస్తుంది. 2019లోనే లాన్సెట్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, ఒకే బిడ్డ ఉన్నప్పుడు కడుపులోనే చనిపోయే ప్రమాదం బైల్ యాసిడ్స్ 40 లోపు ఉంటే 0.13 శాతం, 40 నుంచి 99 దాకా 0.28 శాతం. 100 దాటితేనే 3.44. అందుకే కాన్పు తేదీ కూడా ఈ అంకెను బట్టే మారుతుంది. 40 లోపు ఉంటే 40 వారాలదాకా ఆగొచ్చు, 40 దాటితే 38–39 వారాల మధ్య, 100 దాటితే 35–36 వారాలకే. ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె చప్పుడు చూసే పరీక్ష) మంచిగా వచ్చిందని నిశ్చింతగా ఉండిపోవడానికి లేదు, అది ఆ అరగంట సంగతే చెబుతుంది. బిడ్డ కదలిక రోజూ ఉండే తీరు తప్పిందనిపిస్తే తెల్లారేదాకా చూడొద్దు.

36వ వారంలో నాది 46. ఊరి నుంచొచ్చిన మా డాక్టరమ్మ నా ఫైలు తిరగేసి, ప్రతి రిపోర్టుమీదా తేదీ, వారం, తిన్నానా లేదా అని నేను రాసుకున్నది చూసి, జూనియర్లను పిలిచి చూపించింది. నల్లుల డాక్టరు కూడా వాళ్లలో ఉన్నాడు. తలెత్తలేదు.

38వ వారంలో నొప్పులు తెప్పించారు. ఆడపిల్ల, 2.7 కిలోలు, తలమీద జుట్టు అంతంతమాత్రం. మూడో రోజుకి దురద పోయింది.

నిన్న ఆరు వారాలకి ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయించాను, నార్మల్. ఇది మానొద్దు. అంకెలు దిగకపోతే కాలేయంలో ఇంకేదో ఉందని అర్థం. తర్వాతి కాన్పులో చాలామందికి తిరగబెడుతుంది కాబట్టి మొదటి విజిట్‌లోనే చెప్పాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టే ముందూ చెప్పాలి. బిలిరుబిన్‌కి రెండోసారి కట్టిన డబ్బు వెనక్కివ్వమని అర్జీ పెట్టి రెండున్నర నెలలు దాటింది. అడిగినప్పుడల్లా ప్రాసెస్‌లో ఉందంటున్నారు.