తెల్లగా ఉందని చచ్చిపోయిందని రాశాను

నిన్ననే పగడపు దిబ్బ సర్వే ముగించుకుని ఒడ్డుకొచ్చాం. రక్షిత ప్రాంతంలోకి అనుమతి తెచ్చుకోవడానికి ఓపిక కావాలి. ఇచ్చిన కాగితమే మళ్లీ అడుగుతారు, ప్రతిదీ రెండు కాపీలు పెట్టుకోండి. చేపల లెక్క తేలిగ్గానే అయింది. టేపు పరిచి పావుగంట ఆగితే బెదిరిన చేపలు మళ్లీ చేరతాయి.

నన్ను ఏడిపించింది సముద్రపు అడుగున ఏముందో రాసే లెక్క. రీఫ్ చెక్ అనే పగడపు దిబ్బల సర్వే పద్ధతిలో టేపు మీద 20 మీటర్ల ముక్కలు నాలుగు, మధ్యలో 5 మీటర్ల ఖాళీ. అర మీటరుకోసారి దారానికి కట్టిన గుండు కిందికి వదిలి, అది దేనికి తగిలితే అది పలక మీద రాయాలి. మొత్తం 160 పాయింట్లు. నీళ్లలో నిలకడగా తేలడం నాకు బాగా వచ్చు, ఒక్క పగడపు కొమ్మకీ నా కాలి ఫిన్ తగల్లేదు. కానీ ఈసారి నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబారి ఉన్నాయి. తెల్లటి కొమ్మ కనిపించిన ప్రతిచోటా ‘ఈమధ్యే చచ్చింది’ అని రాసేశాను.

సాయంత్రం టీమ్ లీడర్ నా పలక అందరి ముందూ ఎత్తి పట్టుకుని, “బతికున్నవాటిని చంపేశావు కదయ్యా” అన్నారు. తలెత్తలేకపోయాను. శిక్షణలో ఫొటోలు చూపించారే గానీ తెల్లబారినదానికీ చచ్చినదానికీ తేడా ఒక్కరూ చెప్పలేదు. తప్పు దిద్దాలంటే పక్కకి పిలిచి చెప్పొచ్చు, పదిమందిలో అక్కర్లేదు.

మర్నాడు మళ్లీ దిగాను. రెండో ముక్కలో పన్నెండో పాయింటు దగ్గర జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాను. పగడపు జీవులుండే చిన్న చిన్న గిన్నెల మీద గాజులాంటి పల్చటి పొర, మధ్యలో వాటి సన్నటి వేళ్లలాంటి మీసాలు కదులుతున్నాయి. ఆ తెలుపు లోపలి సున్నపు ఎముకది. బాగా వేడి నెల సగటు కంటే ఒక్క డిగ్రీ పెరిగి నాలుగు వారాలు నిలిచినా పగడం తనకు రంగూ తిండీ ఇచ్చే నాచును వదిలేస్తుంది. చచ్చినదానికి ఆ పొర ఉండదు. గిన్నెల అంచులు పదునుగా బయటపడతాయి, కొన్నాళ్లకే పాచి పట్టేస్తుంది. తెల్లబారినదాన్ని బతికున్న గట్టి పగడంగానే లెక్కించి, ఎంత తెల్లబారిందో విడిగా రాయాలి. చేత్తో మాత్రం ముట్టుకోకండి.

160 పాయింట్లూ మొదటినుంచి చూసి దిద్దాను. నేను చచ్చాయన్నవాటిలో చాలావరకు బతికే ఉన్నాయి. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగి చేరుతుంది, లేకపోతే అవి ఆకలికే పోతాయి. టేపు రెండు కొసల దగ్గరా గుర్తులు పెట్టి వచ్చాం. మూడు నెలల తర్వాత వెళ్లినప్పుడు ముందుగా ఆ పన్నెండో పాయింటు దగ్గరికే వెళ్తాను.