మూడో విజిల్ ఎవరిది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెద్దమ్మగారింట్లో ఉన్నాను. పొద్దున్న కుక్కర్ మూడో విజిల్ రాగానే పెద్దమ్మ పరుగున వచ్చి స్టవ్ కట్టేసింది. మూత తీస్తే పప్పు పలుకు పలుకుగా ఉంది! ఆ మూడోది పెరట్లో జామచెట్టు మీది గోరింకదట.

గూట్లోంచి పడిపోతే పెదనాన్న సాకారు. పంజరం మాటెత్తితే చాలు, 1972 వన్యప్రాణి చట్టం చదువుతారు. గేటు చప్పుడైతే అది ముందు ఒడియాలో "కిఏ?" అంటుంది, పలక్కపోతే "ఎవరూ?" అంటుంది. అచ్చం పెద్దమ్మ సాగదీతే. పెదాల్లేవు, పళ్లు లేవు. గాలిగొట్టం రెండుగా చీలే చోట ఉండే పక్షుల కూత అవయవం సిరింక్స్‌తోనే ఇంత నాటకం!

ఇది రాస్తుంటే మళ్లీ విజిల్. "పోవే దొంగా" అని పెద్దమ్మ కూర్చునే ఉంది. ఏదో మాడు వాసన...