వేలిముద్ర పడని చేతులు

ఈ దేశంలో దిగిన రోజు ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర నా వేలిముద్రలు పడలేదు. నాలుగు వేళ్లూ అద్దం మీద ఆనించి తీసేసరికి దాని నిండా తడి. అధికారి టిష్యూ ఇచ్చాడు. తుడుచుకుని మళ్లీ పెట్టేలోపే అరచేతి గీతల్లో చెమట ఊరింది. మూడోసారి ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏదో దాస్తున్నాననుకుంటాడేమోనన్న టెన్షన్‌కి చెమట ఇంకా ఎక్కువైంది.

పదమూడేళ్లప్పటి నుంచీ నా చేతులు ఇంతే. పరీక్షల్లో పేపరు తడవకుండా చేతి కింద రుమాలు పెట్టుకుని రాసేదాన్ని. అందరూ భయమన్నారు, నేనూ నమ్మాను. ఇక్కడ ఉద్యోగంలో ఏ పరిచయమైనా షేక్‌హ్యాండ్‌తోనే మొదలు. చెయ్యి ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఎప్పుడూ ఫైలో కప్పో పట్టుకుని నిలబడేదాన్ని. బయట మంచు కురుస్తున్నా అరచేతులు తడే.

రెండేళ్లు అలా గడిచాక చర్మ డాక్టర్‌ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది, "నిద్రలో కూడా పడుతుందా?" అని. లేదన్నాను. చిన్నప్పుడే మొదలై, రెండు చేతులకూ ఒకేలా పట్టి, నిద్రలో ఆగిపోతోందంటే హైపర్‌హైడ్రోసిస్, అంటే అతిగా చెమట పట్టే జబ్బు అన్నారు. చెమట గ్రంథుల్లో లోపం లేదు, వాటిని నడిపే నరాలే అవసరం లేకున్నా పురమాయిస్తుంటాయి. భయం వల్ల పెరుగుతుంది కానీ భయమే జబ్బు కాదు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. అలా కాకుండా చెమట పెద్దయ్యాక హఠాత్తుగా మొదలైనా, రాత్రిళ్లు ఒళ్లంతా తడిసినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయకూడదు. థైరాయిడ్, ఇన్ఫెక్షన్, వాడుతున్న మందులు, అన్నీ చూడాలి.

రాత్రి పూట రాసుకునే అల్యూమినియం క్లోరైడ్ లోషన్ ముందు ఇచ్చారు. చేతులు పూర్తిగా ఆరకముందే రాశాను, మంట పుట్టింది. సరిగ్గా రాసినా నాకు చాలలేదు. తర్వాత అయాంటోఫోరెసిస్. రెండు ట్రేలలో కుళాయి నీళ్లు పోసి, చేతులు ముంచి, 20 నిమిషాలు సన్నటి కరెంటు పంపుతారు. చీమలు పాకినట్టుంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు చేయించుకోకూడదు. వారానికి మూడుసార్లు చొప్పున చేశాక, నాలుగో వారంలో కీబోర్డు మీద తడి కనిపించలేదు. ఆపితే మళ్లీ వస్తుంది, అందుకే వారానికోసారి కొనసాగిస్తున్నాను. నరాన్ని కత్తిరించే ఆపరేషన్ మాత్రం వద్దనుకున్నాను. చేతులు ఆరినా వీపు, పొట్ట మీద చెమట పెరగొచ్చు, చేశాక వెనక్కి పోలేం.

మొన్న వీసా రెన్యువల్‌కి వెళ్లినప్పుడు వేళ్లు పెట్టకముందే చెప్పేశాను, నాకు చేతులు చెమటపట్టే జబ్బుందని. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి టిష్యూల డబ్బా ఇటు జరిపి, "నిదానంగా కానివ్వండి" అంది. రెండోసారికి ముద్ర పడింది.