వాల్ దరాన్ అంటే లోయ లోయ

స్పెయిన్ మ్యాప్‌లో బాగా పైన, ఫ్రాన్స్ బోర్డర్ దగ్గర పిరనీస్ కొండల్లో వాల్ దరాన్ అని ఒక లోయ ఉంది. వాల్ అంటే అక్కడి భాషలో లోయ. దరాన్ అంటే అరాన్ యొక్క. మరి అరాన్ అంటే ఏంటా అని చూస్తే అదీ లోయేనట, కాకపోతే బాస్క్ అనే ఇంకో భాషలో. బాస్క్ మాట హరాన్. మనం నడిసెంటర్ అన్నట్టే, లోయ లోయ అని పిలుచుకుంటున్నారన్నమాట.

అసలు తమాషా ఏంటంటే అక్కడ బాస్క్ ఊరి భాష కాదు. వాళ్ళది అరానీస్, లాటిన్ సంతతి, దక్షిణ ఫ్రాన్స్ భాష ఆక్సిటాన్‌లో గాస్కన్ అనే రకం. బాస్క్‌కి లాటిన్‌తో చుట్టరికమే లేదు, పైగా బాస్క్ ఊళ్ళు ఎక్కడో పడమర, వంద కిలోమీటర్లకి పైనే. మరి ఈ పేరు ఇక్కడికెలా వచ్చింది?

ఒక్క పేరు పట్టుకుని ఇక్కడ బాస్క్ ఉండేది అనేస్తే నేనైతే నమ్మను, ఎందుకంటే ఊళ్ళ పేర్లతో ఎవరికి కావాల్సిన కథ వాళ్ళు అల్లేస్తారు. కానీ ఇక్కడ రాళ్ళు కూడా ఉన్నాయి. ఈ లోయలో పుట్టిన గరోన్ నది ఫ్రాన్స్‌లోకి దిగుతుంది కదా, ఆ దిగువన కొమ్మింజ్ ప్రాంతంలో, ఇంకా చుట్టుపక్కల, రోమన్ల కాలం నాటి సమాధి రాళ్ళూ మొక్కుబడి రాళ్ళూ దొరికాయి. రాత లాటినే, కానీ పేర్లు లోకల్ వాళ్ళవి: నెస్కాటో, కిసోన్, సెంబే. ఇవాళ్టి బాస్క్‌లో నెస్కాటో అంటే ఆడపిల్ల, గిసోన్ అంటే మగాడు, సెమె అంటే కొడుకు. ఆ భాషని అక్విటానియన్ అంటారు, బాస్క్‌కి పూర్వరూపం లేదా చాలా దగ్గరి చుట్టం. అందుకే అరాన్ అంటే హరానే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

లోయ వాలు కూడా ఫ్రాన్స్ వైపే, నీళ్ళు అక్కడి బోర్డో నగరం మీదుగా అట్లాంటిక్‌లో కలుస్తాయి. స్పెయిన్ వైపు పోవాలంటే కొండెక్కి దిగాలి, 1948లో వియెల్యా టన్నెల్ తెరిచేదాకా చలికాలం మంచు పడితే ఆ దారి మూతే.

ఇంకో చిక్కుంది. బాస్క్‌లో అరాన్ అంటే ప్లమ్ పండు! ఫ్రాన్స్ వైపు బాస్కులు చాలామంది హ పలుకుతారు కాబట్టి లోయ హరాన్, పండు అరాన్, గొడవ లేదు. స్పెయిన్ వైపు వాళ్ళు హ మింగేస్తారు, దాంతో రెండూ ఒకటే. 1968లో అరాంజజు అనే చోట కూర్చుని బాస్కులందరికీ ఉమ్మడి స్పెల్లింగ్ పెట్టుకున్నప్పుడు ఈ హ మీదే పెద్ద రచ్చ అయింది, చివరికి హ గెలిచింది. ఇప్పుడు స్పెయిన్ వైపు పిల్లలు కూడా బళ్ళో లోయకి హ రాస్తారు, పలకరు.